ఎడమ సాంచె నట్టు

పరుశురాం నోరు మూసుకుని కొడతాడు. తిట్టి కొట్టేవాడైతే ఆ తిట్టు పూర్తయ్యేలోగా ఓ అడుగు జరగొచ్చు, చెయ్యి అడ్డం పెట్టుకోవచ్చు. ఈయన దగ్గర ఆ వెసులుబాటు లేదు. ఆదివారం పొద్దున గుమ్మం ముందు నిలబడ్డ కొత్త మనిషికి ఎల్లవ్వ గ్లాసుతో మంచినీళ్లిచ్చి, లోపలున్న మొగుడి అన్న వైపు తిరిగి, "బావా, ఎవరో సారు మీ తమ్ముని బండి గురించి అడుగుతుండు," అంది. అన్నదో లేదో చెంప పేలింది. చెవిలో హోరు లేచింది. ఆమె గోడ పట్టుకుని నిలబడింది.

"ఏవండీ, ఏంటది? పెద్దావిణ్ణి పట్టుకుని అలా కొడతారా?" అంటూ వచ్చినతను గడప లోపలికి ఓ కాలు పెట్టాడు. పేరు కిరీటి అని, కాకినాడ వాళ్లమని, హజీరాలో ఇంజినీరునని అప్పటికే ఎల్లవ్వకు చెప్పుకున్నాడు. ముప్పై దాటని మనిషి, ఇస్త్రీ చొక్కా. పరుశురాం అతని రొమ్ము మీద అరచెయ్యి పెట్టి ఒక్క తోపు తోశాడు. వెల్లకిలా పడబోయి కిరీటి తలుపు రెక్క పట్టుకున్నాడు. పట్టుకున్న వేళ్ల మీదికి పరుశురాం ఆ తలుపే మూశాడు. అతను కేక పెట్టి చెయ్యి లాక్కునేసరికి రెండో చేతిలోని ఫోను పరుశురాం గుప్పిట్లోకి వచ్చింది, మరుక్షణం గడప బండకేసి పగిలింది.

పగిలే ముందు దాని మీది ఫొటో ఎల్లవ్వ చూసింది. ఎర్రటి సన్నటి ట్యాంకు, ఒక్కడే కూర్చునే సీటు, కిందికి వంచిన హ్యాండిలు. ఇరవై ఏళ్ల కిందట డుమస్ రోడ్డు మీద రేసులో ఆమె మొగుడు ఉమాకాంత్ ఆ ఇటలీ బండి మీదనుంచే పడ్డాడు. దాన్ని కళ్లతో చూడలేక తాపీ నదిలో పడేశానని బావ అప్పట్లో చెప్పాడు. గల్లీ అంతా నమ్మింది. ఆమె కూడా నమ్మింది, నమ్మక ఏం చేస్తుంది?

కిరీటి గల్లీలో నిలబడి నలిగిన వేళ్లు నోట్లో పెట్టుకున్నాడు. భయపడ్డాడు కానీ చెప్పవలసింది చెప్పకుండా పోలేదు. "బండి నా దగ్గరుందండీ. కామ్‌రేజ్‌లో పాతసామాన్లాయన దగ్గర కొన్నాను. ఇటువంటివి లోకంలోనే ఏ కొన్నో ఉంటాయి. దాన్ని మార్చింది ఇక్కడి డిండోలి జాబరని ఆయన చెప్పాడు. ఎవరు మార్చారో, ఎవరు నడిపారో కనుక్కుని దీని కథ రాద్దామనే వచ్చాను గానీ గొడవకి కాదు. మగ్దల్లా దాటాక డుమస్ రోడ్డు మీద ఎర్ర గేటు షెడ్డు మాది. అమ్మా, మీకు చూడాలనిపిస్తే రండి."

పరుశురాం చేతికి గడపలో ఉన్న రుబ్బురాయి పొత్రం దొరికింది. కిరీటి ఇక నిలబడలేదు.

ఎదురింటి మంగ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ అంతా చూసింది. తర్వాత పంపు దగ్గర ఎల్లవ్వ చెంప చూసి, "అన్న చెయ్యే ఖరాబు గని మనసు మంచిదే," అంది. ఆ గల్లీలో ఎల్లవ్వకు తగిలిన ప్రతి దెబ్బకూ ఇరవై ఏళ్లుగా ఇదే మందు. ఆ రేసులో తమ్ముణ్ణి బండి మీదనుంచి తన్ని పడేసిన జయేశ్‌ను పరుశురాం ఇంట్లోనుంచి ఈడ్చుకొచ్చి కాలు విరగ్గొట్టాడు, దానికి జైలుకు పోయొచ్చాడు. అటువంటి మనిషి ఓ చెంపదెబ్బ కొడితే కొట్టాడు. జనం లెక్క అది.

మధ్యాహ్నం అన్నం పెడుతూ ఎల్లవ్వ ఉండబట్టలేక అడిగింది. "తాపీల పడేసినన్నవు గద బావా."

"పడేసిన."

"మరి గా ఫొటోల..."

పళ్లెం లేచింది. ఉడుకుపప్పు ఆమె మెడ మీద, జాకెట్టు మీద పడింది. పళ్లెం అంచు పెదవికి తగిలి నెత్తురొచ్చింది. పరుశురాం చెయ్యి కడుక్కుని, తువ్వాలతో వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు. అరవై దగ్గర పడ్డా చేతుల్లో సత్తువ తగ్గలేదు, కార్ఖానాలో సాంచెలు, అంటే కరెంటు మగ్గాలు, బాగుచేసే జాబరు చేతులవి. "నీ మొగని కోసం నేను జైలుకు పోయిన. నన్ను అడుగుతున్నవా నువ్వు?" అన్నాడు.

ఆ ఒక్క మాట చాలు ఎల్లవ్వ నోరు పడిపోవడానికి. అతని భార్య పోయాక ఆ ఇంటి చాకిరీ అంతా ఆమెదే. తన కూతురు సింధూజ కామ్‌రేజ్‌లో ఉద్యోగం చూసుకుని, గది తీసుకుని, "మమ్మీ, తూ ఆజా నా, నువ్వొచ్చెయ్యి" అని ఫోను చేసినప్పుడల్లా ఏడుస్తుంది. కిందటేడు ఎల్లవ్వ ఒకసారి బట్టలు సర్దుకుంది కూడా. ఆ రోజు బావ ఆమె మణికట్టు విరిచాడు. కట్టు కట్టించుకొచ్చి మళ్లీ అతనికే రొట్టెలు చేసింది. నొప్పికి భయపడి కాదు. తమ్ముడి కోసం జైలుకు పోయినవాణ్ణి ముసలితనంలో వదిలేసి పోతే రేపు పైన మొగుడికి ఏ మొహం చూపించాలని ఆమె బాధ.

సోమవారం కార్ఖానాలో పరుశురాం ఇంకా కుతకుతలాడుతూనే ఉన్నాడు. ఎల్లవ్వ కండెల మిషను దగ్గర కూర్చుని దారం చుడుతోంది. సాంచెల చప్పుడులో ఎవరి మాటా వినబడదు. అక్కడివాళ్లు పెదవులు చూసి మాట తెలుసుకుంటారు, చేతులతో చెప్పుకుంటారు. ఒడిశా నుంచి కొత్తగా వచ్చిన ఫిట్టరు చేతులు నెత్తిన పెట్టుకుని ఆగిపోయిన సాంచె ముందు నిలబడి ఉండడం ఆమె చూసింది. ఏమైందో చూడగానే తెలిసిపోయింది.

కార్ఖానాలో సాంచెలు జతలుగా ఉంటాయి, ఒకటి కుడిచేతిది, ఒకటి ఎడమచేతిది. నేసేవాడు మధ్యలో నిలబడి రెంటినీ చూసుకుంటాడు. అవి తిరిగే దిక్కులు వేరు, నట్లు బిగిసే దిక్కులూ వేరే. చూడ్డానికి మాత్రం కవల పిల్లల్లా ఉంటాయి. ఎడమ సాంచె ఇరుసును నట్టుతో సహా తెచ్చి కుడిదానికి ఎక్కిస్తే అప్పటికి బిగిసినట్టే ఉంటుంది. సాంచె తిరిగేకొద్దీ వదులై చివరికి ఊడుతుంది. కొత్తవాళ్లందరూ ఒకసారి చేసే తప్పే. తిట్లు తిని నేర్చుకుంటారు.

పరుశురాం తిట్టలేదు. పానా తీసుకుని ఆ ఒడిశా అతని భుజం మీద కొట్టాడు. అతను వంగితే వీపు మీద కొట్టాడు. కింద పడితే చెవి దగ్గర కొట్టాడు. చప్పుడులో ఆ మనిషి నోరు తెరుచుకోవడమే కనిపించింది గానీ కేక వినబడలేదు. ఇద్దరు నేతగాళ్లు వచ్చి పరుశురాంను వెనక్కి లాగారు. నేలమీది దూదిపింజలు నెత్తురుకు ఎర్రగా అంటుకున్నాయి. శేఠ్ వచ్చి కిందపడ్డవాణ్ణి ఇంటికి పొమ్మన్నాడు, పరుశురాంకు చాయ్ తెప్పించాడు. న్యాయం అంటే ఇట్లాగే ఉంటుంది మరి.

ఎల్లవ్వ చేతిలో దారం తెగింది. ఆమె ముడి వేసింది. మళ్లీ తెగింది. ఇంత చిన్న తప్పుకు ఇంత దెబ్బా అని ఆమెకు ఒళ్లు మండింది. మొగుడి బండి ఎక్కడో ఎర్ర గేటు వెనక ఉందన్న మాట ఆ రోజంతా బుర్రలో తిరుగుతూనే ఉంది. బుధవారం నాటికి ఇక ఆగలేకపోయింది. తన మిషను కాసేపు చూసుకోమని మంగను బతిమాలి, ఎక్కడికో కూడా చెప్పి, బస్సెక్కింది.

కిరీటి చూపుడువేలికి కట్టు ఉంది. ఆమె పెదవి మీది గాటు చూసి అతను తడబడ్డాడు. "నా మూలంగా మీకు..." అన్నాడు. "నీ మూలంగ కాదు సారు. బండి చూపియ్యి," అంది.

షెడ్డు మధ్యలో బల్ల మీద నిలబెట్టి ఉంది. తుప్పు గీకేసి ట్యాంకు సగం రంగు వేశాడు. ఇంజను పక్క మూత ఊడదీసి ఉంది. ఎల్లవ్వ దగ్గరకు వెళ్లి సీటు మీద చెయ్యి వేసింది. పెళ్లయిన కొత్తలో ఆయన వెనక మడ్‌గార్డు మీద గోనెసంచి మడిచి కట్టి, ఆమెను కూర్చోబెట్టుకుని డుమస్ తీసుకుపోయాడు. టమాటా భజియాలు తినిపించాడు. వచ్చేటప్పుడు ఆమె భయపడి కళ్లు మూసుకుంటే, "కళ్లు తెర్వవే, పైసలు పెట్టినా దొరకదు గిది," అని నవ్వాడు. ఎల్లవ్వ సీటు మీద తల ఆనించి ఏడ్చింది. కిరీటి కాసేపు బయటికి పోయి నిలబడ్డాడు.

తిరిగొచ్చి తనకు తెలిసిన కథ చెప్పాడు. ఇటలీలో రేసుల కోసమే చేసిన బండి. నవసారి పార్సీ ఒకాయన ఓడలో డామన్‌కు తెప్పించుకున్నాడు. ఆయన పోయాక రంగుల మిల్లు శేఠ్ చేతికి వచ్చింది. ఇంజను పట్టేస్తే మిల్లు వెనక పడేశాడు. "అక్కణ్ణుంచి డిండోలి ఎలా వచ్చిందో తెలియదు."

"మా ఆయన తెచ్చిండు. తుక్కు కింద. అన్నదమ్ములిద్దరు కార్ఖానా ఎనక పెట్టుకొని చేసిన్రు. చేసింది మా బావ. తోలింది మా ఆయన." తన మొగుడి పేరు ఎవరికో ముఖ్యమైనందుకు ఆమెకు గర్వంగా ఉంది. చచ్చినవాడి కళ్లు చారెడంటారు. ఉమాకాంత్ కళ్లు నిజంగానే పెద్దవి.

బయట స్కూటరు ఆగిన చప్పుడైంది. వెనక రెండు చక్రాలు అదనంగా కట్టిన, కాళ్లు లేనివాళ్లు నడిపే స్కూటరు. దిగిన మనిషి చంకలో కర్ర పెట్టుకుని, ఒక కాలు ఈడ్చుకుంటూ వచ్చాడు. తల నెరిసింది గానీ ఎల్లవ్వ పోల్చుకుంది. జయేశ్. రేసుల సంగతి చెప్పమని కిరీటే పిలిచాడు. ఈమె వస్తుందని అతనికీ తెలియదు.

ఎల్లవ్వ సంచి అందుకుంది. "నేను పోత సారు. మా ఆయనను సంపినోని పక్కన నిలబడ."

జయేశ్ గుమ్మంలోనే ఆగాడు. "మైనే లాత్ నహీ మారీ థీ, బెహన్," అన్నాడు. తన్నలేదని కోర్టులో చెప్పాడు, పోలీసులకు చెప్పాడు, ఎవరూ వినలేదు. "మై తో పీఛే థా."

"ఈయన వెనక ఉన్నాడమ్మా," అన్నాడు కిరీటి. "వెనకున్నవాడు తన్నలేడు. ఇది చూడండి, మీకే తెలుస్తుంది." ఇంజను పక్కన పళ్లచక్రం చూపించాడు. "గొలుసు దీనిమీద తిరుగుతుంది. అసలు ఇరుసు అరిగిపోతే మీ బావగారు వేరే ముక్క తెచ్చి అతికారు. అతుకు పని ఎంత బాగుందో. కానీ నట్టు బిగిసే దిక్కు తప్పు. బండి పరిగెత్తేకొద్దీ వదులైపోయింది. పళ్లచక్రం జరిగి గొలుసు వెనక చక్రానికి చుట్టుకుంది. బండిని ఎవరూ తన్నక్కర్లేదు. ఆ ముక్క దేనిదో మాత్రం నాకు తెలియలేదు."

సగం ఊడి అక్కడే నలిగి ఇరుక్కుపోయిన ఆ నట్టును ఎల్లవ్వ చూసింది. "ఎడమ సాంచెది," అంది. రోజూ కళ్ల ముందు తిరిగేదే. తప్పు. అందరూ చేసే తప్పు. మొన్న ఒడిశా అతను చేసిందే.

ఆమె నేల మీద కూర్చుండిపోయింది. విచిత్రంగా గుండె కాస్త తేలికపడింది. ఎవరూ చంపలేదు. ఆయనను ఎవరూ పగబట్టి చంపలేదు. పాపం బావ, చేతులారా చేసి తెలుసుకోలేకపోయాడు. జయేశ్ మొహం చూడడానికే ఆమెకు సిగ్గేసింది. బావకు ఎట్లా చెప్పాలి? వింటే గుండె పగిలి చస్తాడేమో. మెల్లగా, అన్నం తిన్నాక, మంచి మాటలతో చెప్పాలి. ఇన్ని దెబ్బలు తిన్న మనిషి కూర్చుని ఆలోచించింది అది.

గేటు ధడాలుమంది. పరుశురాం వచ్చాడు. మంగను బెదిరించి అడిగి ఉంటాడు. చేతిలో పెద్ద పానా ఉంది, మోచెయ్యంత ఇనుము. జయేశ్ గోడకు ఆనుకున్నాడు, కర్ర రొమ్ముకు అడ్డం పెట్టుకున్నాడు. ఎల్లవ్వ లేచి ఇద్దరి మధ్యకూ ఉరికింది. "బావా, ఆయనను కొట్టకు, ఆయన తన్నలేదు," అంది.

పరుశురాం జయేశ్ వైపు చూడనైనా చూడలేదు. ఎల్లవ్వను భుజంతో పక్కకు నెట్టి నేరుగా బండి దగ్గరకు పోయాడు. ట్యాంకును కొట్టలేదు. హ్యాండిలును కొట్టలేదు. వంగి, పళ్లచక్రం ఉన్న పక్కకు తిరిగి, పానా రెండు చేతులా ఎత్తి ఆ నట్టు మీదే కొట్టాడు. మళ్లీ కొట్టాడు. ఇనుము చిట్లి కిరీటి చొక్కా మీదికి ఎగిరింది. ఆ ముక్క విరిగి పడేదాకా కొట్టాలని అతని పంతం. కిరీటి వెనకనుంచి నడుం పట్టుకుంటే మోచేత్తో మొహం మీద పొడిచాడు. కిరీటి ముక్కు పగిలింది, అయినా వదల్లేదు.

ఎల్లవ్వకు అప్పుడు తెలిసింది. ఎక్కడ కొట్టాలో బావకు ఎవరూ చెప్పలేదు.

"నీకు ముందే ఎరుకనా?" అంది.

పరుశురాం పానా దించాడు. రొప్పుతున్నాడు.

కిరీటి ముక్కు చేత్తో ఒత్తిపట్టుకుని, "పాతసామాన్లాయన చెప్పాడు," అన్నాడు. "బండి తెచ్చినాయన అదే రోజు కరిగించెయ్యమన్నాడట. అంత మంచి బండి కరిగించడానికి చేతులు రాక ఆయన దాచుకున్నాడు. తెచ్చినాయన చొక్కా మీద నెత్తురు ఇంకా ఆరలేదట."

ఎల్లవ్వ బావ మొహంలోకి చూసింది. గొంతు పెద్దదేం చేయలేదు. "ఆయన రెండు దినాలు పానంతోని ఉండె. కండ్లు తెరిసినప్పుడల్ల అన్న ఏడి, అన్న ఏడి అని అడిగె. మందులు తేను పోయిండని చెప్పిన నేను. అన్న ఏడి అనుకుంటనే పోయిండు. నువ్వు అప్పుడు కామ్‌రేజ్‌ల ఉన్నవు."

"తప్పయింది. ఎవరికి గాదు?" అన్నాడు పరుశురాం. అంతలోనే గొంతు మారింది. "నీ మొగని కోసం జైలుకు పోయిన నేను."

"నా మొగని కోసం పోలేదు. ఎవరన్న బండి దిక్కు సూస్తరని గాయిన కాలు ఇరగ్గొట్టినవు."

చెయ్యి లేచింది. నోరు మూసుకునే కొట్టాడు. ఎల్లవ్వ బల్ల కాలి మీద పడింది, నుదురు చిట్లింది. జయేశ్ కర్ర ఎత్తాడు గానీ కొట్టలేదు. ఒంటికాలి మీద తూలుతూ అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు. కిరీటి పోలీసులను పిలుస్తానని అరిచాడు. ఎల్లవ్వ లేచి, కొంగుతో నెత్తురు తుడుచుకుని, చీర సర్దుకుంది. ఆ దెబ్బ ఎప్పటిలాగే నొప్పి పెట్టింది. కానీ ఎప్పుడూ దాని వెనకే వచ్చే ఆ రుణం మాత్రం ఈసారి రాలేదు.

"సారు, నువ్వు బండి సంగతంత రాస్తనంటివి గద. రాయి. తోలినోడు ఉమాకాంత్. నట్టు పెట్టినోడు పరుశురాం. కాలు పోయింది జయేశ్‌భాయికి. మూడూ రాయి." మొగుడి పేరు ఆమె నోటివెంట రావడం పరుశురాం మొదటిసారి విన్నాడు.

"ఇంటికి నడువు," అన్నాడు. అరవలేదు. అడిగినట్టే అన్నాడు.

ఆమె అతన్ని దాటుకుని గేటు బయటికి పోయి స్కూటరు పక్కన నిలబడింది. జయేశ్ కర్ర పొడుచుకుంటూ వచ్చేదాకా ఎదురు చూసింది.

"భాయ్, నాకు మాఫీ అడిగే మొహం లేదు," అంది, వచ్చీరాని హిందీ కలిపి. "ఇయ్యాల నన్ను జర కామ్‌రేజ్ దాకా తీస్కపోతవా? నా బిడ్డ ఉన్నదక్కడ."

జయేశ్ ఆమెను, లోపల బండి దగ్గర పానా పట్టుకుని నిలబడ్డ మనిషిని చూశాడు. కర్రను స్కూటరు పక్క కొక్కేనికి తగిలించి, పనిచేయని కాలును రెండు చేతులతో ఎత్తి లోపల పెట్టుకున్నాడు. వెనక సీటు మీది దుమ్ము చేత్తో దులిపాడు.

"పకడ్ కే బైఠో, బెహన్, గట్టిగ పట్టుకొని కూసో," అన్నాడు. "రోడ్డు ఖరాబుగ ఉంది."